వాగులో మిన్నోలు: మొదట దేనికి గాలం వెయ్యాలి, పట్టినదాన్ని ఎలా గుర్తుపట్టాలి

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఏ చిన్న క్రీక్ పక్కన నిలబడినా మూడు నాలుగు అంగుళాల చేపలు గుంపుగా తిరుగుతూ కనిపిస్తాయి, అడిగితే అందరూ "ఆ, మిన్నోలు" అనేసి ట్రౌట్, బాస్ లాంటి పెద్ద చేపల కోసం ముందుకెళ్ళిపోతారు. కానీ ఆ ఒక్క గుంపులో నాలుగైదు జాతులు ఉండొచ్చు, ఒక్కోటి తినేది వేరు, ఉండే చోటు వేరు, గాలానికి పడే తీరు వేరు. వీటి మీద ఆసక్తి పుట్టినవాళ్ళు ఎక్కువమంది ఒక్కచోటే ఆగిపోతారు: ఏ చేపతో మొదలుపెట్టాలి, ఏ సరంజామా కొనాలి, పట్టాక అది ఏదో ఎలా తెలుస్తుంది. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నా.

ముందే ఒక మాట. రంగు చూసి పేరు పెట్టకండి. నేను మొదటి సంవత్సరం మొత్తం రంగులే చూశా, మే నెలలో ఎర్ర రెక్కలున్నదాన్ని ఒక చేప అనుకున్నా, సెప్టెంబర్‌లో అదే చేప వెండిరంగులో దొరికితే ఇంకో చేప అని రాసుకున్నా, తర్వాత ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే సగం పేర్లు తప్పు. అప్పట్నుంచి మొదట నోరు చూస్తా. నోరు ఎక్కడుంది, ఎంతుంది, ఎటు తిరిగింది అన్నది చూస్తే పేరు సగం తెలిసిపోతుంది, పైగా ఎర ఎక్కడ వెయ్యాలో కూడా అదే చెప్తుంది. కింద పోలిక అంతా నోటి చుట్టూనే తిరుగుతుంది, ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

## అసలు అది మిన్నోనేనా

చిన్నగా ఉన్న ప్రతీ చేపా మిన్నో కాదు, పెద్ద చేపల పిల్లలు కూడా అదే సైజులో ఉంటాయి. నీళ్ళు పోసిన పారదర్శకమైన చిన్న డబ్బాలో చేపని పెట్టి పక్కనుంచి ఇవి చూడండి.

వీపు మీద రెక్క ఒక్కటే ఉండాలి, మెత్తగా ఉండాలి, అందులో చువ్వలు ఇక్కడి మిన్నోల్లో మామూలుగా 8. వీపు మీద రెండు రెక్కలుండి చేప అడుగున రాయి మీద కూర్చున్నట్టు ఉంటే అది డార్టర్. వీపు రెక్కకీ తోకకీ మధ్య కండలాంటి చిన్న రెక్క ఉంటే ట్రౌట్ పిల్ల. తోక చీలకుండా గుండ్రంగా ఉండి నోరు ఆకాశం వైపు తిరిగి ఉంటే కిల్లీఫిష్ జాతి. వీపు రెక్క చాలా పొడుగ్గా ఉండి మొదట్లో రంపంలాంటి ముల్లు తగిలితే కార్ప్ గానీ గోల్డ్‌ఫిష్ గానీ, అవి బయటి నుంచి తెచ్చి వదిలినవి, ఇక్కడివి కావు. ఎక్కువమంది మోసపోయేది సక్కర్ అనే వేరే రకం చేప పిల్ల దగ్గర, దానికి నోరు కిందికి ఉంటుంది, పెదాలు కండతో మందంగా ఉంటాయి, వీపు రెక్కలో చువ్వలు 10 గానీ ఇంకా ఎక్కువ గానీ ఉంటాయి.

మిన్నో దవడల్లో పళ్ళుండవు. గొంతులో, మొప్పల వెనక ఉంటాయి. జాతుల్ని గట్టిగా తేల్చడానికి శాస్త్రవేత్తలు ఆ గొంతు పళ్ళు లెక్కపెడతారు, కానీ దానికి చేప చచ్చిపోవాలి కాబట్టి మనకది వద్దు. మన వాగుల్లో పరిగెలకి ఇవి దూరపు చుట్టాలే, ఇదివరకు అన్నిటినీ సిప్రినిడే అనే ఒకే కుటుంబంలో పెట్టేవాళ్ళు, 2018లో వచ్చిన కొత్త వర్గీకరణ తర్వాత అమెరికా మిన్నోల్ని లూసిసిడే అనే వేరే కుటుంబంగా చూస్తున్నారు. పాత పుస్తకంలో ఒకటి, కొత్తదాంట్లో ఒకటి కనిపిస్తే కంగారుపడకండి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నా దృష్టిలో చూడాల్సినవి నాలుగు. గాలానికి ఎంత తేలిగ్గా పడుతుంది. చేతిలో పెట్టుకుని చూస్తే తప్పు లేకుండా గుర్తుపట్టగలమా. మీ దగ్గరున్న నీళ్ళలో అది అసలు ఉంటుందా. పట్టి వదిలేటప్పుడు చేపకి ఎంత దెబ్బ. ఈ నాలుగోది చాలామంది లెక్కలోకి తీసుకోరు, కానీ రెండున్నర అంగుళాల చేపని ఎండలో పొడి చేత్తో అర నిమిషం పట్టుకున్నా దానికి పెద్ద దెబ్బే.

ఐదు చేపల్ని తీసుకున్నా, తూర్పు వాగుల్లో ఎక్కువగా తగిలేవి ఇవే.

| చేప | మామూలు సైజు | నోరు | ఉండే చోటు | గాలానికి |
|---|---|---|---|---|
| క్రీక్ చబ్ | 4–8 అంగుళాలు | పెద్దది, కంటి కిందదాకా | మడుగులు, చెట్ల వేళ్ళ కింద | చాలా తేలిక |
| బ్లాక్‌నోస్ డేస్ | 2–3 | చిన్నది, మూతికి కాస్త కింద | చల్లటి చిన్న వాగు, రాళ్ళ మధ్య | తేలిక, కొక్కెం చిన్నదైతే |
| కామన్ షైనర్ | 3–5 | ముందుకి, కాస్త పైకి వాలుగా | మడుగు పైభాగం, ప్రవాహం | తేలిక |
| బ్లంట్‌నోస్ మిన్నో | 2–3 | చాలా చిన్నది, మొద్దు మూతి కింద | నెమ్మది నీళ్ళు, అడుగు | మధ్యస్థం |
| స్టోన్‌రోలర్ | 3–6 | పూర్తిగా కిందికి, గట్టి అంచు | పాచి పట్టిన రాళ్ళు | కష్టం |

## క్రీక్ చబ్

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, దీని గురించి ఎక్కువ రాస్తా. నోరు పెద్దది, కనిపించింది దేన్నైనా మింగుతుంది, పురుగు, వానపాము ముక్క, చిన్న చేప, నీళ్ళలో పడ్డ మిడత. బెండు వేసిన పది నిమిషాల్లో లాగకపోతే ఆ మడుగులో అది లేదనే అనుకోవచ్చు.

గుర్తులు: వీపు రెక్క మొదట్లో, అది ఒంటికి అతుక్కునే చోట నల్లటి మచ్చ. ఒంటి పక్కన ముదురు గీత, తోక మొదట్లో ఇంకో చుక్క. నోరు మూస్తే దాని మూల కంటి ముందు అంచు కిందదాకా వస్తుంది. పై పెదవి పైన గాడిలో, మూలకి కాస్త ముందు, చిన్న రేకులాంటి మీసం ఉంటుంది, అది గాడిలో దాక్కుంటుంది కాబట్టి మొదటిసారి చూసేవాళ్ళకి కనపడదు, లేదని తేల్చెయ్యొద్దు, వేలి గోరుతో మెల్లగా తెరిచి చూడండి.

దీన్ని రెండిటితో కలిపేసుకుంటారు. ఒకటి ఫాల్‌ఫిష్, అప్పలాచియన్ కొండలకి తూర్పున అట్లాంటిక్ వైపు పారే నదుల్లో ఉంటుంది, తూర్పు ప్రాంతపు సొంత మిన్నోల్లో అన్నిటికంటే పెద్దది, అడుగు దాటి పెరుగుతుంది. దానికి వీపు రెక్క దగ్గర మచ్చ ఉండదు, పొలుసులు పెద్దవి, వెండిలా మెరుస్తుంది. రెండోది బ్లంట్‌నోస్, దాని సంగతి కింద చెప్తా.

వసంతంలో మగ చబ్ తల మీద ముళ్ళలాంటి గట్టి బుడిపెలు వస్తాయి, అందుకే పాతవాళ్ళు దీన్ని కొమ్ముల డేస్ అనేవాళ్ళు. ఆ మగ చేప నోటితో ఒక్కో గులకరాయి ఎత్తుకొచ్చి గూడు కడుతుంది, గుంట తవ్వుతుంది, గుడ్లు పడగానే రాళ్ళతో కప్పుతుంది, అలా పొడుగాటి గులకరాళ్ళ గట్టు తయారవుతుంది. ఒడ్డున కదలకుండా అరగంట కూర్చుంటే మొత్తం కళ్ళముందే జరుగుతుంది. ఆ రోజుల్లో వాగు అడుగున చుట్టూ ఉన్నదానికంటే శుభ్రంగా, లేత రంగులో ఒక రాళ్ళ కుప్ప కనిపిస్తే దాని మీద కాలు పెట్టకండి, దాని మీద గాలం వెయ్యకండి. ఒక్క అడుగుతో వందల గుడ్లు పోతాయి.

## బ్లాక్‌నోస్ డేస్

మీ దగ్గరున్నది చల్లటి కొండవాగైతే, బ్రూక్ ట్రౌట్ ఉండే లాంటిదైతే, చబ్ కంటే ఇదే మొదట తగులుతుంది. మూతి కొసనుంచి కంటి మీదుగా తోకదాకా ఒకే నల్లటి గీత, వీపంతా ముదురు చుక్కలు, పొలుసులు ఎంత చిన్నవంటే లేనట్టే ఉంటాయి. నోటి మూల చిన్న మీసం. అసలైన గుర్తు మాత్రం మూతి దగ్గర ఉంది: మిగతా మిన్నోల్లో చాలావాటికి మూతికీ పై పెదవికీ మధ్య గాడి ఉంటుంది, దీనికి ఉండదు, పెదవి మూతికి అతుక్కునే ఉంటుంది.

శాస్త్రవేత్తలు తూర్పు డేస్, పడమటి డేస్ అని దీన్ని రెండు జాతులుగా చేశారు, చేతిలో చూసి విడదియ్యడం చాలా కష్టం కాబట్టి ఏ నదీ పరీవాహకంలో పట్టారో రాసుకుని దాన్నిబట్టి తేల్చుకోవడం నయం. దీని అన్నలాంటిది లాంగ్‌నోస్ డేస్, మూతి బాగా ముందుకి పొడుచుకొచ్చి నోరు దాని కింద దాక్కుంటుంది, ఇంకా వేగంగా పారే నీళ్ళలో రాళ్ళ కింద ఉంటుంది. ఒంట్లో ఉండి తేలడానికి సాయపడే గాలి తిత్తి చిన్నదైపోయింది కాబట్టి అడుగునే అతుక్కుని ఉండగలదు, మనం ఎరని రాయి మీదే ఉంచగలిగితే తప్ప దానికి చూపించలేం.

డేస్‌తో ఇబ్బంది ఒక్కటే, నోరు చిన్నది. మామూలు కొక్కెంతో పదిసార్లు లాగుతుంది, పదిసార్లు ఎర తినేసి పోతుంది. చబ్ కోసం 14 నుంచి 18 నంబర్ కొక్కెం చాలు, దీనికి ఒక్కోసారి 24 దాకా దిగాలి (నంబర్ పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది).

## కామన్ షైనర్

అందంలో దీన్ని మించింది లేదు, గుర్తుపట్టడంలో మాత్రం మధ్యస్థం. ఒంటి పక్కన పొలుసులు వెడల్పుకంటే ఎత్తు ఎక్కువ, నిలువుగా పేర్చిన వజ్రాకారపు పెంకుల్లా ఉంటాయి, ఊరికే రాలిపోతాయి. కన్ను పెద్దది. మీసం ఉండదు. కింద, తోక వైపున్న రెక్కలో చువ్వలు మామూలుగా 9, చబ్‌కి అక్కడ 8, ఫోటోలో లెక్కపెట్టగలిగితే పెద్ద సాయం. వసంతంలో మగవాటి రెక్కలకీ ఒంటికీ గులాబీ రంగు ఎక్కుతుంది.

నోరు ముందుకి, కాస్త పైకి ఉంది అంటే అది మధ్య నీళ్ళలో కొట్టుకొచ్చేదాన్ని ఏరుకుని తింటుంది, కాబట్టి ఎర అడుగుకి తగలకుండా తేలుతూ పోవాలి. ట్రౌట్ కోసం ఫ్లై (పురుగులా కనిపించేలా కట్టిన కృత్రిమ ఎర) వేసేవాళ్ళకి ఇది తెలియకుండానే పడుతూ ఉంటుంది. ఇది గూళ్ళు తను కూడా కట్టుకోగలదు, కానీ చబ్‌లు కట్టిన రాళ్ళ గూళ్ళ మీదే ఎక్కువగా గుడ్లు పెడుతుంది, దానివల్ల చబ్‌తో కలిసి సంకరం పుట్టడం కూడా జరుగుతుంది, అందుకే ఒక్కోసారి రెండిటి గుర్తులూ ఉన్న చేప వస్తుంది. అలాంటిది దొరికితే బలవంతంగా ఒక పేరు పెట్టకుండా ఫోటో తీసి దాచుకోండి.

పొలుసులు రాలుతాయి అన్నా కదా, అందుకని ఈ చేపని వేళ్ళతో పట్టుకోకుండా నీళ్ళలోనే కొక్కెం తియ్యడం నేర్చుకోవాలి. చిన్నపిల్లలతో వెళ్తే దీనికంటే చబ్ మంచిదని నేననేది అందుకే.

## బ్లంట్‌నోస్ మిన్నో

మూతి మొద్దుగా ఉండి నోరు దానికింద చిన్నగా ఉంటుంది, తోక మొదట్లో స్పష్టమైన నల్ల చుక్క, మెడ దగ్గర నుంచి వీపు రెక్కదాకా పొలుసులు బాగా చిన్నగా ఇరుకుగా ఉంటాయి. వీపు రెక్క ముందు భాగంలో దీనికి కూడా నల్ల మరక ఉంటుంది, దాంతో పిల్ల చబ్ అనుకుంటారు. నోరు చూడండి, చబ్ పిల్లకైనా పెద్ద నోరే, దీనికి ఎప్పుడూ చిన్నదే. మగది చదునైన రాయి కింద గుడ్ల దగ్గర కాపలా ఉంటుంది, అందుకే వేసవి మొదట్లో రాళ్ళు తిరగేసి చూసే అలవాటు మానుకోవాలి, తిప్పినా మళ్ళీ అలాగే పెట్టాలి. గాలానికి పడుతుంది గానీ ప్రత్యేకంగా దీనికోసమే వెళ్ళాల్సిన పని లేదు, నెమ్మది నీళ్ళలో మిగతావాటితో పాటే వస్తుంది.

## స్టోన్‌రోలర్

కింది పెదవి లోపల గట్టి మృదులాస్థి అంచు, ఉలిలాంటిది, దాంతో రాళ్ళ మీద పాచిని గీరుకుని తింటుంది. పేగు చాలా పొడుగు, గాలి తిత్తి చుట్టూ చుట్టుకుని ఉంటుంది, ఇంకే చేపలోనూ మామూలుగా చూడం. ఒళ్ళు పీపాలా గుండ్రంగా గోధుమరంగులో, అక్కడక్కడ నల్లబడ్డ పొలుసులతో ఉంటుంది. గుంపుగా రాళ్ళ మీద పక్కకి ఒరిగినప్పుడు ఒడ్డునుంచి తళుక్కుమని మెరుపులు కనిపిస్తాయి, అవి ఇవే.

వందల్లో కనిపిస్తాయి, గాలానికి మాత్రం పడవు, పాచి తినేదానికి వానపాము మీద అంత ఆశ ఉండదు. అయినా పట్టొచ్చు: అతి చిన్న కొక్కెం, ఆవగింజంత వానపాము ముక్క, బెండు లేకుండా, అవి మేస్తున్న రాయి మీదే ఎర ఆగేలా వెయ్యాలి, అది మేస్తూ మేస్తూ వచ్చి నోట్లోకి లాక్కుంటుంది. చూస్తూ పట్టాల్సిందే, లైన్ లాగినప్పుడు తెలిసేది కాదు. నీళ్ళు తేటగా లేని రోజు ప్రయత్నించకండి.

## ఏ పద్ధతి: సన్న గాలమా, ఫ్లైయా, చేతి వలా

సన్న గాలం. రీల్ లేని 8–10 అడుగుల సన్నటి కర్ర, కర్రంత లైన్, బియ్యపు గింజంత బెండు, కొక్కేనికి నాలుగైదు అంగుళాల పైన చిన్న సీసపు గుండు. జపాన్‌లో టనాగో అనే చిట్టి చేపల కోసం తయారుచేసిన కొక్కేలు దొరుకుతాయి, వాటికి ముల్లు ఉండదు, మొన చాలా పొట్టిగా ఉంటుంది, రెండంగుళాల చేపకి కూడా పెదవి చివరే తగులుతుంది. ఈ పోలికలోని ఐదు చేపలకీ పనికొచ్చే ఒకే పద్ధతి ఇది. ఎర విషయంలో అందరూ చేసే తప్పు పెద్ద ముక్క గుచ్చడం, చబ్‌కి మెంతిగింజంత, మిగతావాటికి ఆవగింజంత చాలు.

ఫ్లై. ఇప్పటికే ట్రౌట్ కోసం రాడ్ ఉంటే కొత్తగా కొనేదేం లేదు. 18–20 నంబర్ చిన్న నింఫ్‌కి (నీళ్ళలో ఉండే పురుగు పిల్లలా కట్టిన, మునిగే ఫ్లై) చబ్, డేస్, షైనర్ మూడూ పడతాయి. స్టోన్‌రోలర్ కోసం దీన్ని నమ్ముకోకండి, బ్లంట్‌నోస్‌కి కొక్కెం పెద్దదవుతుంది.

చేతి వల. గుర్తుపట్టడమే మీ ఆసక్తి అయితే, గాలం వెయ్యడం కాదు అనుకుంటే, ఇదే మంచిది, కొక్కెం దెబ్బ ఉండదు. కానీ రాష్ట్రాన్ని బట్టి వల సైజు మీదా, వాడే నీళ్ళ మీదా నిబంధనలుంటాయి, గాలానికి లేని ఆంక్షలు వలకి ఉండొచ్చు. వలతో రాళ్ళ మధ్య కెలికితే గుడ్లూ గూళ్ళూ పాడవుతాయి కాబట్టి వసంతంలో నేను వల తియ్యను.

పద్ధతి ఏదైనా ఒకటి గుర్తుంచుకోండి. మిన్నో చర్మం చిరిగితే అందులోంచి ఒక రసాయనం నీళ్ళలో కలుస్తుంది, అది వాసన తగిలిన మిగతా చేపలన్నీ బెదిరి దాక్కుంటాయి. కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే జంతుశాస్త్రవేత్త దీన్ని 1938లో యూరప్ మిన్నో మీద బయటపెట్టాడు. కాబట్టి పట్టిన చేపని మీరు గాలం వేసే చోటుకి పైన వదలకండి, ప్రవాహం ఆ వాసనని తిన్నగా మీ మడుగులోకే తెస్తుంది, కింద వదలండి. ఒక మడుగులో నాలుగైదు చేపల తర్వాత ఒక్కసారిగా అంతా ఆగిపోతే ఎర మార్చి లాభం లేదు, చోటు మారండి. ఇంకోటి, గాలి తిత్తిని చెవికి కలిపే చిన్న ఎముకలు వీటికుంటాయి, బాగా వింటాయి, గట్టు మీద ధబధబా నడిచి వస్తే మీరు కర్ర చాచేలోపే గుంపు లోతుకి పోతుంది.

## ఎవరికి ఏది

పిల్లలతో వెళ్తున్నారు, వాళ్ళకి ఏదో ఒకటి పడాలి, విసుగెత్తకూడదు: క్రీక్ చబ్, బెండు, మడుగు. ఇంకేం ఆలోచించొద్దు.

ట్రౌట్ సీజన్ నడుస్తుండగా పక్కన ఇదీ చూద్దాం అనుకునేవాళ్ళు: కొండవాగులో డేస్, కాస్త పెద్ద ఏట్లో షైనర్, ఉన్న ఫ్లైతోనే.

ఎన్ని జాతులు పట్టామో జాబితా రాసుకునేవాళ్ళు: టనాగో కొక్కేలు కొని నేరుగా బ్లంట్‌నోస్, లాంగ్‌నోస్ డేస్, స్టోన్‌రోలర్ వైపు వెళ్ళండి, చబ్ ఎలాగూ పిలవకుండానే వస్తుంది. మీకు ఫోటో డబ్బా తప్పనిసరి, చేప పక్కవాటం, నోరు దగ్గరగా, వీపు పైనుంచి, మూడు ఫోటోలు, తర్వాత వదిలెయ్యడం. ఎక్కడ పట్టారో నది పేరుతో సహా రాసుకోండి.

ఎరకోసం మిన్నోలు పట్టాలనుకునేవాళ్ళకి నేను సలహా ఇచ్చేదల్లా మీ రాష్ట్ర నిబంధనలు మొత్తం చదవమని. బతికున్న చేపని ఒక వాగునుంచి ఇంకో వాగుకి తీసుకెళ్ళడం చాలా రాష్ట్రాల్లో నిషేధం, మిగిలినవాటిని వేరే నీళ్ళలో పారబొయ్యడం వల్లే చాలా చేపలు తమవి కాని నదుల్లోకి చేరి అక్కడివాటిని దెబ్బతీశాయి. లైసెన్స్ మాత్రం రెండంగుళాల చేపకైనా కావాలి, చిన్నదని మినహాయింపు ఉండదు.

గాలం వెయ్యకూడని చేపలు కూడా ఉన్నాయి, అవి ఉండే చోట్ల ముందే తెలుసుకుని వెళ్ళాలి. కెంటకీ, టెన్నెసీ కొండవాగుల్లో ఉండే బ్లాక్‌సైడ్ డేస్‌ని 1987 నుంచి ఫెడరల్ చట్టం కింద ముప్పులో ఉన్న జాతిగా రక్షిస్తున్నారు. కెనడాలోని ఒంటారియోలో రెడ్‌సైడ్ డేస్ కూడా అంతరించిపోయే ప్రమాదంలో ఉంది, నోరు చాలా పెద్దది, పైకి తిరిగి ఉంటుంది, నీళ్ళ పైన ఎగిరే పురుగుల్ని గాల్లోకి దూకి పట్టుకుంటుంది, దానికోసం గట్టు మీద పొదలు నీళ్ళ మీదికి వాలి ఉండాలి, పొదలు కొట్టేస్తే దానికి తిండే ఉండదు. అనుకోకుండా అలాంటిది పడితే నీళ్ళనుంచి పైకి తియ్యకుండానే కొక్కెం తీసి, ఆ రోజుకి ఆ మడుగు వదిలెయ్యండి.

మొదటి రోజు ఎప్పుడు పెట్టుకోవాలి అంటే నేనైతే జూన్ చివరో సెప్టెంబరో అంటా, చబ్ గూళ్ళ హడావిడి చాలావరకు అయిపోయి ఉంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి, జూలై ఆగస్టు మధ్యాహ్నాల్లో నీళ్ళు వేడెక్కి చేప నీరసంగా ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో పొద్దున్నే వెళ్ళి తొమ్మిదింటికల్లా వచ్చెయ్యాలి. చేతులు ముందు వాగులో తడుపుకోండి, డబ్బాలో నీళ్ళు ఆ వాగువే నింపండి, ఒక్కో చేపకీ నీళ్ళు మార్చండి.